కొండబడిలో బెంగ: గిరిజన బాలల మానసికారోగ్యంలో పాఠశాల పాత్ర

విద్య యొక్క పరమార్థం వ్యక్తి సమగ్ర వికాసమని పెద్దలు చెబుతారు. సమగ్ర వికాసమంటే దేహానికీ, బుద్ధికీ, మనసుకూ ఏకకాలంలో జరిగే పోషణ. మన పాఠశాలలలో దేహపోషణకు మధ్యాహ్న భోజనమూ, ఆటల పీరియడూ వున్నాయి. బుద్ధికి పాఠ్యపుస్తకాలు, పరీక్షలు వున్నాయి. మనసుకు ఏమున్నదని ప్రశ్నించుకుంటే మాత్రం చాలాచోట్ల సమాధానం దొరకదు.

ఈ లోటు అన్ని బడులలోనూ వున్నదే. అయితే ఇంటికి దూరంగా, ఇంటి భాషకు కూడా దూరంగా వుండి చదువుకునే పిల్లల విషయంలో అది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అందువల్ల ఈ వ్యాసంలో మేము అరకు లోయనూ, దాని చుట్టూ వున్న తూర్పు కనుమల మన్యాన్నీ ఉదాహరణగా తీసుకొని, 6 నుంచి 8 వరకు తరగతులు చదివే పిల్లల మానసికారోగ్యానికి పాఠశాల ఏ విధంగా తోడ్పడగలదో పరిశీలించదలచాము. మన కళాశాల విద్యార్థులలో రేపు ఉపాధ్యాయులు కాబోయేవారున్నారు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరిగినవారున్నారు. రెండు భాషల నడుమ నిలబడడమంటే ఏమిటో ఎరిగినవారికి ఈ విషయం పరాయిది కాజాలదు.

ఆ వయసు స్వభావం

పదకొండు నుంచి పద్నాలుగేళ్ల మధ్య కాలం బాల్యానికీ యౌవనానికీ నడుమనున్న వంతెన. దేహం త్వరత్వరగా మారుతుంది. సిగ్గు, కోపం, అభిమానం ఒక్కసారిగా పెరుగుతాయి. నలుగురిలో తన స్థానమేమిటన్న ప్రశ్న మొదటిసారిగా తలెత్తుతుంది. తోటివారు నవ్వితే చిన్నపిల్లవాడు ఏడ్చి మరచిపోతాడు. ఏడవ తరగతి పిల్లవాడు ఏడవడు, మరచిపోడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 10–19 సంవత్సరాల మధ్య వయస్కులలో ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015–16లో జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, మన దేశంలో 13–17 ఏళ్లవారిలో 7 శాతానికి పైగా ఇట్టి రుగ్మతలున్నట్లు తేలింది. పెద్దవారిలో కనిపించే మానసిక వ్యాధులలో దాదాపు సగం పద్నాలుగేళ్లలోపే మొదలవుతాయని కూడా పరిశోధకులు గుర్తించారు. అనగా, ముదిరిన తరువాత ఆసుపత్రి వైద్యుడు చూసే వ్యాధిని మొలక దశలో చూడగలిగినవాడు ఎనిమిదవ తరగతి ఉపాధ్యాయుడు. చూడగలగడం వేరు, చూడడం వేరు. ఆ రెంటి నడుమ వున్న దూరమే మన చర్చనీయాంశం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ప్రతి దిగులూ రోగం కాదు. మానసికారోగ్యమంటే ఎన్నడూ దుఃఖం లేకపోవడం కాదు. దుఃఖం వచ్చినప్పుడు దానిని చెప్పుకోగలగడం, ఓర్చుకోగలగడం, తిరిగి ఆటలోకీ పాఠంలోకీ రాగలగడం. పాఠశాల చేయవలసిన పనిలో అధిక భాగం ఈ మూడింటికి సంబంధించినదే. చికిత్స అవసరమయ్యేది కొద్దిమందికి. ఆదరణ అవసరమయ్యేది అందరికీ.

ఆ ప్రదేశం, ఆ బడి

అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున వున్నది. పూర్వం విశాఖపట్నం జిల్లాలో వుండిన ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4 నుంచి పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. విశాఖ నుంచి సొరంగాల గుండా సాగే రైలుబండిలో వెళ్లే యాత్రికులకు బొర్రా గుహలు, కాఫీ తోటలు, పచ్చగా విరబూసిన వలిసె పొలాలు, థింసా నృత్యం కనిపిస్తాయి. ఆ కొండల నడుమ వున్న ఆశ్రమ పాఠశాల చాలామంది కంటబడదు.

ఈ మన్యంలో బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జ, గదబ, నూకదొర, కువి మాట్లాడే కొండజనం మొదలైన అనేక తెగలవారున్నారు. భాషల విషయమూ అంతే. కువి, కొండ భాషలు తెలుగువలెనే ద్రావిడ కుటుంబానికి చెందినవి. గదబలలో కొందరు మాట్లాడే గుతోబ్ ముండా కుటుంబానికి చెందినది. సంతలో పలు తెగలవారు పరస్పరం మాట్లాడుకొనే ఆదివాసీ ఒడియా ఆర్యభాషా కుటుంబానికి చెందినది. అనగా ఒకే తరగతి గదిలో, ఒకే బల్లమీద, మూడు భాషా కుటుంబాల పిల్లలు పక్కపక్కన కూర్చోవచ్చు. వారి ముందున్న నల్లబల్లమీద తెలుగు, ఇంగ్లీషు అక్షరాలుంటాయి.

కొండమీది చిన్న పల్లెలలో బడి ప్రాథమిక దశతో ముగుస్తుంది. ఆపైన చదవాలంటే గిరిజన సంక్షేమ శాఖ నడిపే ఆశ్రమ పాఠశాలలోనో, గురుకులంలోనో చేరవలసిందే. 5వ పంచవర్ష ప్రణాళిక కాలంలో గిరిజన ఉప ప్రణాళిక అమలులోకి వచ్చిన తరువాత ఇట్టి వసతి పాఠశాలలు విస్తరించాయి. అవి చేసిన మేలు సామాన్యమైనది కాదు. అవి లేకుంటే ఆ కొండలనుంచి ఉపాధ్యాయులు, నర్సులు, ఉద్యోగులు వచ్చి వుండేవారు కారు. కాని పది, పదకొండేళ్ల బిడ్డ తల్లిదండ్రులను, పశువులను, పొయ్యి పక్కన పడుకొనే అలవాటును వదలి, వందలమంది నడుమ ఇనుప పెట్టె పక్కన పడుకోవడం మొదలుపెట్టేదీ అక్కడే. తిరిగి ఇల్లు చూసేది దసరాకో, సంక్రాంతికో.

బెంగ అనే మాట

ఇట్టి స్థితిని చెప్పడానికి తెలుగులో ఒక చక్కని మాట వున్నది: బెంగ. ‘పిల్ల బెంగ పెట్టుకుంది’ అంటే చదువురానివారికి కూడా అర్థమవుతుంది. దిగులు వేరు, గుబులు వేరు, బెదురు వేరు, జడుపు వేరు. బెంగ అన్నది ప్రియమైనదానికి దూరమైనప్పుడు తినడం, నిద్రించడం, ఆడడం మానివేసే మనసు స్థితి. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ‘దిల్ ఘబరా రహా హై’ అన్నప్పుడు తల్లి వెంటనే పని ఆపి బిడ్డ ముఖం చూస్తుంది. ప్రతి భాషలోనూ ఇట్టి మాటలుంటాయి; ఆ మాటలు విన్నవెంటనే కదిలే మనుషులుంటారు.

ఇప్పుడు ఒక ఉదాహరణను ఊహించుకుందాము. కువి మాత్రమే మాట్లాడే ఇంటినుంచి ఒక బాలిక 6వ తరగతిలో చేరింది. ఆమెకు బడి తెలుగు వచ్చు. లెక్క చేయగలదు, పాఠం చదవగలదు, హాజరు పలుకగలదు. కాని రాత్రివేళ ఛాతీలో ఏదో బరువుగా వున్నదని, అమ్మ గుర్తుకు వస్తున్నదని, పక్క పిల్లలు తన మాట తీరుకు నవ్వుతున్నారని చెప్పడానికి ఆ తెలుగు చాలదు. లెక్కకు సరిపోయిన భాష ఏడుపుకు సరిపోదు. అందువల్ల ఆమె ‘కడుపునొప్పి’ అంటుంది. ఆ ఒక్క మాట ఆమెకు తెలుసు, దానికి పెద్దలు పలుకుతారనీ తెలుసు. మాత్ర ఇస్తారు. మరునాడు మళ్లీ కడుపునొప్పి. మూడవనాడు ‘దొంగవేషాలు’ అంటారు. నాలుగవనాడు ఆమె ఏమీ అనదు. పండుగకు ఇంటికి వెళ్లి తిరిగి రాదు. రిజిస్టరులో ‘బడి మానినది’ అని ఒక గీత పడుతుంది. అది చదువుపై అనాసక్తి కాదు. ఎవరూ అడగని బెంగ.

బెంగకు ఇంకా అనేక వేషాలున్నాయి. పక్క తడపడం, తలనొప్పి, అన్నం వదలివేయడం, చిన్న విషయానికి కొట్లాట, పుస్తకాలు చింపడం, గంటల తరబడి మౌనం, గోడ దూకి పారిపోవడం. మగపిల్లలలో అది తరచుగా కోపం రూపంలోనూ, ఆడపిల్లలలో మౌనం రూపంలోనూ కనిపిస్తుంది. కోపానికి శిక్ష పడుతుంది; మౌనానికి ‘బుద్ధిమంతురాలు’ అని మెప్పు దొరుకుతుంది. రెండూ పొరపాట్లే.

చట్టం ఏమంటున్నది?

పిల్లల మనసును గురించి చట్టం మౌనంగా లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను శారీరక దండననే గాక మానసిక వేధింపును కూడా నిషేధించింది. అదే చట్టంలోని 29వ సెక్షను, సాధ్యమైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలో సాగాలనీ, పిల్లలను భయం, ఆందోళనల నుంచి విముక్తులను చేసి స్వేచ్ఛగా మాట్లాడేటట్లు చూడాలనీ చెబుతున్నది. మాతృభాష మాటా, నిర్భయత మాటా ఒకే సెక్షనులో పక్కపక్కనే వుండడం గమనార్హం.

2014 జనవరిలో ప్రారంభమైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో మానసికారోగ్యం ఒక అంగం. 2020 ఫిబ్రవరిలో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం, ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు, వీలైతే ఒక స్త్రీ, ఒక పురుషుడు, ఆరోగ్య రాయబారులుగా శిక్షణ పొందాలి. 2022 అక్టోబరు 10న ‘టెలిమానస్’ సేవ ఆరంభమైంది. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడవచ్చు.

అన్నింటికంటె ముఖ్యమైనది 2025 జూలై 25 నాటి సుప్రీంకోర్టు తీర్పు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో ఒక విద్యార్థిని మరణించిన కేసులో, న్యాయస్థానం దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలు జారీచేసింది. నూరుమంది లేక అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో పిల్లల మానసికారోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సిలరుగాని, మనస్తత్వవేత్తగాని, సామాజిక కార్యకర్తగాని కనీసం ఒకరుండాలి. అంతకన్న చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవాలి. బోధన సిబ్బందితోబాటు బోధనేతర సిబ్బందికి కూడా ఏటా రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఆశ్రమ పాఠశాలలో పిల్లల ముఖాలను రాత్రివేళ చూసేవారు వంటమనిషీ, కాపలాదారూ కనుక ఈ చివరి నియమం కొండబడికి మరీ ముఖ్యం.

అయినను ఒక ప్రశ్న మిగిలే వుంటుంది. కౌన్సిలరు వచ్చాడనుకుందాము. అతడు ఏ భాషలో వింటాడు? 14416కు ఫోను కలిసిందనుకుందాము. కువి తప్ప మరొక భాషలో మనసు విప్పలేని బాలికకు అవతల ఎవరు పలుకుతారు? కొండలలో ఫోను అందని పల్లెలు నేటికీ వున్నాయి. నియమం మంచిదే, ఆ నియమానికి స్థానికమైన నోరు, చెవి కల్పించడం మన పని.

వినేవారెవరు?

ఈ ప్రశ్నకు బీహారు రాష్ట్రం నలంద జిల్లాలో జరిగిన ఒక ప్రయోగం కొంత వెలుగునిస్తున్నది. దాని పేరు ‘సెహర్’. ఉర్దూలో సెహర్ అంటే తెల్లవారు వేళ. 74 ఉన్నత పాఠశాలలను మూడు భాగాలు చేశారు. ఒక భాగంలో, వైద్యపట్టా లేకున్నా తగిన శిక్షణ పొందిన సామాన్య సలహాదారును బడికి ఒకరు చొప్పున నియమించారు. రెండవ భాగంలో అదే కార్యక్రమాన్ని ఆ బడి ఉపాధ్యాయునికే అప్పగించారు. మూడవ భాగంలో మామూలు పద్ధతి సాగింది. కార్యక్రమంలో ఆడంబరమేమీ లేదు. ప్రార్థనా సమావేశంలో నాలుగు మాటలు, గోడపత్రిక, పేరు వ్రాయకుండా చీటీలు వేసే పెట్టె, విద్యార్థుల బృందచర్చలు, అవసరమైనవారితో ఏకాంత సంభాషణ.

ఫలితాలు 2018లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో వెలువడ్డాయి. సలహాదారు వున్న బడులలో వాతావరణం మెరుగుపడింది. పిల్లలలో కుంగుబాటు, ఒకరినొకరు వేధించుకోవడం, కొట్లాటలు తగ్గాయి. అదే పనిని ఉపాధ్యాయులు చేసిన బడులలో చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు.

ఇది ఉపాధ్యాయుల లోపమని మేము భావించడం లేదు. మార్కులు వేసే చేతికీ, శిక్షించే నోటికీ పిల్లలు తమ రహస్యాన్ని ఇవ్వరు. ఉపాధ్యాయునికి సమయమూ వుండదు. అందుచేత మా నిశ్చితాభిప్రాయం ఇది: కొండబడిలో మానసికారోగ్యానికి మొదటి సాధనం పుస్తకమూ కాదు, ఔషధమూ కాదు. పిల్ల భాషలో వినగలిగి, ఆ పిల్లకు మార్కులు వేయనవసరంలేని ఒక మనిషి.

ఇట్టి మనుషులు ఆ కొండలలోనే వున్నారు. పదవ తరగతి, ఇంటరు చదివి ఇంటివద్ద వున్న గిరిజన యువతీయువకులు ప్రతి పంచాయతీలో కనిపిస్తారు. వారికి కొన్ని వారాల శిక్షణ, గౌరవప్రదమైన వేతనం, పైన ఒక నిపుణుని పర్యవేక్షణ వుంటే చాలు.

అయితే చిక్కులు లేవని చెప్పలేము. ఊరి మనిషి అయితే రహస్యం ఊరికి చేరుతుందన్న భయం వుంటుంది. ఒక తెగకు చెందిన సలహాదారుకు మరొక తెగ పిల్ల మనసు విప్పకపోవచ్చు. కనుక నియామకంలో తెగలను, భాషలను, స్త్రీ పురుష భేదాన్ని గమనించాలి. గోప్యతను శిక్షణలో మొదటి పాఠంగా నేర్పాలి. లైంగిక వేధింపు విషయంలో మాత్రం గోప్యత చెల్లదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం వెంటనే తెలియజేయడం విధి. ఆ మాట పిల్లకు ముందే చెప్పివుంచడం న్యాయం.

మనకున్న పూర్వానుభవం

పిల్ల భాషలోకి బడి దిగిరావడం కొత్త ఆలోచన కాదు. ఇదే తూర్పు కనుమల శ్రేణిలో, పర్లాకిమిడిలో, గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) సవరల భాషను వారి నోటినుంచే నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు వ్రాసి, సవర పిల్లలకోసం బడులు నడిపారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం ఇంగ్లీషులో వెలువడింది. వ్యావహారిక తెలుగుకోసం పోరాడిన పండితుడు, ముందుగా కొండబిడ్డ నోటిమాటకు బడిలో చోటు కోరినవాడని మనం మరువరాదు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము.

మరొక అనుభవం మన హైదరాబాదు రాజ్యానిది. ఉర్దూ రాజభాషగా వున్న ఆ కాలంలో, మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ నిజాం ప్రభుత్వానికి సలహాదారుగా వుండి, 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రం ఆరంభింపజేశాడు. మొదట గోండులకే అక్షరాలు నేర్పి, వారినే ఉపాధ్యాయులను చేసి, గోండీ వాచకాలతో పిల్లలకు చదువు చెప్పించారు. రాజభాషను తరువాత నేర్పారు. బయటివారంటే బెదిరే పిల్లలు తమవాడే ఉపాధ్యాయుడైనప్పుడు బడికి రాగలిగారు.

రాష్ట్ర విభజనకు పూర్వం, 2004 ప్రాంతంలో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోండి, కోయ, కొలామీ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషలలో ప్రాథమిక విద్యాబోధన ఆరంభించింది. తెలుగు లిపిలో ఆయా భాషల వాచకాలు తయారయ్యాయి. అది ప్రాథమిక తరగతులకు పరిమితమైంది. బెంగ మాత్రం ఆరవ తరగతిలో, ఇల్లు విడిచిన రోజున మొదలవుతున్నది.

దీనికి విరుద్ధమైన పాఠం కెనడా దేశానిది. అక్కడ 19వ శతాబ్ది చివర నుంచి 20వ శతాబ్ది చివర వరకు ఆదివాసుల బిడ్డలు లక్షా యాభై వేలమందిని వసతి పాఠశాలలలో చేర్చి, వారి భాషలను నోట పలుకనివ్వలేదు. ఆ బడులలో జరిగినదాన్ని విచారించిన సత్య, సమాధాన సంఘం 2015లో తన తుది నివేదికను సమర్పించింది. ఆ గాయం తరతరాలకు పాకినదని అది తేల్చింది. మన ఆశ్రమ పాఠశాలల ఉద్దేశం అది కాదు. తల్లిదండ్రులు స్వయంగా, ఆశతో పంపుతున్నారు. అయినను ‘ఇక్కడ మీ భాష మాట్లాడవద్దు’ అని గద్దించే ప్రతిసారీ మనం తెలియకుండానే ఆ దారిలో ఒక అడుగు వేస్తున్నాము.

పాఠశాల చేయదగిన పనులు

పెద్ద ఖర్చు లేకుండా చేయదగిన కొన్ని పనులను క్రింద సూచిస్తున్నాము.

1. కొత్తగా చేరిన ప్రతి బిడ్డకు అదే భాష మాట్లాడే పైతరగతి విద్యార్థిని మొదటి రెండు నెలలు తోడుగా నియమించాలి. భోజనానికి, స్నానానికి, నిద్రకు ఆ తోడు పక్కన వుండాలి.

2. ఉపాధ్యాయులు తమ పిల్లల భాషలలో ఇరవై మాటలైనా నేర్చుకోవాలి. ‘అన్నం తిన్నావా?’, ‘ఎక్కడ నొప్పి?’, ‘ఎవరైనా ఏమైనా అన్నారా?’ అన్నవి అందులో వుండాలి. పంతులు తమ మాటను తడబడుతూ పలికితే పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వుతో సగం బెదురు పోతుంది.

3. సంతరోజున తల్లిదండ్రులు బిడ్డను చూడవస్తే గేటు బయట నిలబెట్టక, కూర్చొని మాట్లాడుకోవడానికి నీడగల చోటు చూపాలి. రాలేనివారితో వారానికొకసారి ఫోనులో మాట్లాడించాలి.

4. ఇటుకల పండుగ, కొత్తల పండుగలు వచ్చినప్పుడు బడిలో కూడా వాటిని గుర్తించాలి. థింసా అధికారులు వచ్చిన రోజున మాత్రమే కాక, సాయంత్రాలలో పిల్లల సంతోషంకోసం సాగాలి.

5. చీటీల పెట్టె ఒకటి పెట్టాలి. వ్రాయలేనివారు బొమ్మ గీసి వేయవచ్చునని చెప్పాలి. వచ్చిన చీటీలలో కనీసం కొన్నింటిపై చర్య జరిగినట్లు పిల్లలకు కనిపించాలి. లేనిచో నెలలో ఆ పెట్టె ఖాళీ అవుతుంది.

6. వారానికొకసారి వార్డెను, ఉపాధ్యాయులు, వంటమనిషి, ఏ.ఎన్.ఎమ్. కలసి పావుగంట కూర్చోవాలి. ఎవరు అన్నం వదలివేశారు, ఎవరు మాట్లాడడం మానారు, ఎవరు సెలవులనుంచి ఆలస్యంగా వచ్చారు అన్న మూడు ప్రశ్నలే వేసుకోవాలి.

7. ‘ఏజెన్సీవాళ్లకు లెక్కలు రావు’ వంటి మాటలు, తెగపేరుతో, మాటతీరుతో చేసే ఎగతాళి ఉపాధ్యాయుల గదిలో కూడా వినిపించకూడదు. అక్కడ పలికిన మాట తరగతి గదికి చేరడానికి ఎంతోసేపు పట్టదు.

వైద్యుని అవసరం ఎప్పుడు?

మనసు విషయంలో కూడా మన్యంలో మొదట దేహాన్ని చూడాలి. జ్వరంతోబాటు పిల్లవాడు పొంతనలేని మాటలాడినా, మగతగా పడివున్నా అది మెదడుకు సోకిన మలేరియా కావచ్చు. క్షణమైనా ఆలస్యం చేయక ఆసుపత్రికి తరలించాలి. ఎల్లవేళలా నీరసంగా, ఆసక్తి లేకుండా వుండే పిల్లకు రక్తహీనతో, సికిల్ సెల్ వ్యాధో వుండవచ్చు. ఆ వ్యాధి నిర్మూలనకు 2023 జూలై 1న జాతీయ కార్యక్రమం కూడా మొదలైంది, రక్తపరీక్ష చేయించాలి. మూర్ఛ వచ్చే పిల్లను దయ్యం పట్టినదని భావించే ఆచారం కొండలలోనూ, మైదానంలోనూ వున్నది. మూర్ఛ మందులతో అదుపులో వుండే వ్యాధి. తల్లిదండ్రులు దిసారి వద్దకు వెళ్లదలిస్తే వారిని పరిహసించవద్దు. దిసారి చెప్పినది చేయనిచ్చి, మందు మాత్రం మానకుండా చూడడమే వివేకం.

రెండు వారాలకు మించి దిగులు తగ్గకపోయినా, నిద్రాహారాలు చెడినా, చదువూ ఆటా రెండూ మానివేసినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యునికి చూపించాలి. అవసరమైతే ఆయన పై ఆసుపత్రికి పంపుతారు. చావును గురించి మాట్లాడే పిల్లవానిని ‘బెదిరిస్తున్నాడు’ అని త్రోసివేయరాదు. ‘చనిపోవాలనిపిస్తున్నదా?’ అని మృదువుగా అడగడంవల్ల ఆ తలంపు కొత్తగా పుట్టదు; పైగా భారం దిగుతుంది. అట్టి బిడ్డను ఒక్క నిమిషమైనా ఒంటరిగా వదలక, ప్రధానోపాధ్యాయునికి, తల్లిదండ్రులకు తెలిపి, వైద్యసహాయం అందించాలి. 14416, బాలల సహాయానికి 1098 నంబర్లను గోడమీద పెద్ద అక్షరాలతో వ్రాయించాలి.

ఆక్షేపణలు

‘ఒక్క ఉపాధ్యాయుడు నాలుగు పనులు చేస్తున్నచోట ఇవన్నీ సాధ్యమా?’ అని కొందరంటారు. ప్రశ్న న్యాయమైనదే. అందుకే వినే పనికి వేరొక మనిషి కావాలని మేమన్నది. ‘తమ భాషలోనే మాట్లాడనిస్తే తెలుగు, ఇంగ్లీషు ఎప్పుడు నేర్చుకుంటారు?’ అని మరికొందరంటారు. పాఠం ఏ భాషలోనైనా సాగనివ్వండి. బాధ మాత్రం సొంతభాషలో చెప్పుకోనివ్వండి. మనసు తేలికపడిన బిడ్డ రెండవ భాషను త్వరగా నేర్చుకుంటుంది. బెదిరిన బిడ్డ తన భాషను కూడా మరచిపోతుంది.

మన కర్తవ్యం

అరకుకు ఏటా ఎన్నో కళాశాలలనుంచి విహారయాత్రలు సాగుతుంటాయి. కొండ అందం చూసి రావడం తప్పు కాదు. ఆ కొండమీద ఒక వసతి గదిలో, అర్థంకాని భాషల నడుమ, కళ్లు తెరచుకొని పడుకున్న బిడ్డ కూడా మన రాష్ట్రపు విద్యార్థియేనని ఎరిగి చూడడం ధర్మం. రేపు బి.ఎడ్. చదివి ఉపాధ్యాయ పదవి పొందబోయే మిత్రులకు మా మనవి ఒక్కటే. మీకు ఏజెన్సీ ప్రాంతంలో ఉద్యోగం వస్తే దానిని శిక్షగా భావించకండి. చేరిన మొదటి వారంలో పిల్లల పేర్లతోబాటు వారి భాషల పేర్లు కూడా హాజరుపట్టీలో వ్రాసుకోండి.

కళాశాల కార్యవర్గంవారికి కూడా సవినయంగా ఒక విన్నపం. 2025 నాటి తీర్పు కొండబడికే గాక మనకు కూడా వర్తిస్తుంది. పల్లెలనుంచి వచ్చి, ఇంట్లో ఒక భాష, తరగతిలో మరొక భాష మోస్తున్న విద్యార్థులు మన వసతిగృహాలలోనూ వున్నారు. ఉర్దూలోనూ, తెలుగులోనూ వినగలిగి, పరీక్షలతోగాని, ఫీజులతోగాని సంబంధంలేని ఒక సలహాదారును వచ్చే విద్యాసంవత్సరానికి ముందే నియమించవలసిందిగా కోరుతున్నాము. వారానికి రెండు మధ్యాహ్నాలు, తలుపు వేసుకోగలిగిన ఒక చిన్న గది, రెండు కుర్చీలు చాలు.